రేగడి నేల, బందరు గాలి, పెద్ద కెమెరా

మొవ్వలో నిలబడి ఏ దిక్కు చూసినా కంటికి కొండ ఆనదు. ఉత్తరాన గుడివాడ, తూర్పున బందరు, దక్షిణాన ఘంటసాల, పులిగడ్డ దాటితే దివిసీమ. అంతా కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు నేల. క్షేత్రయ్య పదాల్లో నిలిచిన మువ్వగోపాలుడి గుడి, పక్కనే కూచిపూడి, ఘంటసాల బౌద్ధ స్తూపం, ఇక్కడి శ్రీకాకుళం గ్రామంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, బందరు కోట, హంసలదీవి సాగర సంగమం అన్నీ ఒక్క రోజు ప్రయాణంలో చుట్టి రాగలిగినంత దగ్గర్లో ఉన్నాయి. నెమ్మదిగా, నిదానంగా ఫొటో తీసే వ్యూ కెమెరాకు ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఇలాంటి చోటికి పెద్ద కెమెరాతో వెళ్లాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ‘ఏ కెమెరా కొనాలి?’ అనే. డెల్టాలో పని చేయాలంటే ఈ ప్రశ్న చివరికి రావాలి. ముందు స్టాండు, తరువాత తేమ నుంచి కాపాడే ఏర్పాటు, ఆ తరువాత లెన్సు, అన్నీ తేలాక కెమెరా. ఈ వరుస ఎందుకు తిరగబడిందో తెలియాలంటే ఇప్పుడు ప్రచారంలో ఉన్న సలహాలు ఎక్కడ పుట్టాయో చూడాలి.

అవి చాలావరకు కొండల్లో పుట్టినవి. ఫొటోగ్రాఫరు శామ్యూల్ బోర్న్ 1863లో సిమ్లా నుంచి హిమాలయాల్లోకి తొలి యాత్ర కట్టినప్పుడు 30 మంది కూలీలు సామాను మోశారు. ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ శిఖరాన్ని ఫొటో తీయడానికి ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాల ప్లేటు కెమెరానీ, 12 గాజు ప్లేట్లనూ వీపున మోసుకుని మంచులో ఎక్కాడు. కొండ ఎక్కేవాడికి ప్రతి వంద గ్రాములూ లెక్కే. అందుకే పుస్తకాలన్నీ తేలికైన కెమెరా, తేలికైన స్టాండు, చిన్న లెన్సు అంటూ బరువు చుట్టూనే తిరుగుతాయి. మొవ్వ చుట్టుపక్కల అయితే ఆటో దాదాపు పొలం గట్టు దాకా వస్తుంది. ఆ పైన నడక కొద్దిసేపే. ఇక్కడ పనిని చెడగొట్టేవి మెత్తని నేల, సముద్రపు గాలి, గాలిలోని తేమ. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని సామాను ఎంచుకుంటే జాబితా మొత్తం మారిపోతుంది.

పెద్ద కెమెరా ఏం చేస్తుంది?

వ్యూ కెమెరాలో ముందు లెన్సు పట్టుకునే చట్రం, వెనుక ఫిల్ము పట్టుకునే చట్రం, ఆ రెంటినీ కలిపే మడతల బెలోస్ ఉంటాయి. వెనుక చట్రంలోని గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై పడుతుంది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని, చిన్న భూతద్దంతో ఆ గాజు మీదనే ఫోకస్ సరిచూసుకుంటాడు. తరువాత గాజు స్థానంలో షీట్ ఫిల్ము ఉన్న హోల్డర్ దూర్చి, దాని తలుపు లాగి, షట్టర్ నొక్కుతాడు. ఒక్కో ఫొటోకు ఒక్కో షీటు.

4×5 అంగుళాల షీటులో బొమ్మ పడే వైశాల్యం మామూలు 35 ఎంఎం ఫిల్ము ఫ్రేముకు సుమారు 13 రెట్లు. అందుకే ఎంత పెద్ద ప్రింటు వేసినా వరి కంకి మీది నూగు, రాతి మీది ఉలి గీత నిలుస్తాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ముందు చట్రాన్నీ వెనుక చట్రాన్నీ విడివిడిగా పైకీ కిందికీ జరపవచ్చు, పక్కకు తిప్పవచ్చు, వంచవచ్చు. ఈ కదలికల కోసమే చాలామంది ఇంత శ్రమ పడతారు. చదును నేల మీద వీటి ఉపయోగం మరీ ఎక్కువ.

బందరు బజారులో అమరావతి రాళ్లు

సామాను ఎంపిక ఫొటో చరిత్రనే ఎలా నడిపించిందో చెప్పే కథ ఒకటి ఈ ప్రాంతంతో ముడిపడి ఉంది. 1830ల నాటికి బందరులో ఈస్టిండియా కంపెనీ అధికారి రాబర్ట్‌సన్ అమరావతి స్తూపం శిల్పాలను కొన్నింటిని తెప్పించి, తాను వేయించిన కొత్త బజారులో అలంకారంగా నిలిపాడు. ఆ పేట నేటికీ రాబర్ట్‌సన్‌పేటే. 1845లో మరో అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1859లో వాటిలో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. ‘ఇలియట్ మార్బుల్స్’ అని పేరు పడినా అవి పాలరాళ్లు కావు, పల్నాటి సున్నపురాయి.

ఓడెక్కకముందు వాటిని మద్రాసులో ఫొటోలు తీసినవాడు కెప్టెన్ లినియస్ ట్రైప్. మద్రాసు ప్రభుత్వం అతణ్ణి 1856లో ఫొటోగ్రాఫరుగా నియమించింది. 1857-58లో అతను ఎద్దుబళ్ల మీద సామాను వేసుకుని శ్రీరంగం, తంజావూరు, మధురై తిరిగాడు. అప్పటికే ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన తడి ప్లేటు పద్ధతి ప్రపంచమంతా పాకింది. గాజు మీద కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే డెవలప్ చేయాలి. చల్లటి దేశంలో దానికి పది పదిహేను నిమిషాల వ్యవధి దొరుకుతుంది. దక్షిణాది ఎండలో అదీ దొరకదు. పైగా బండి కుదుపులకు గాజు పగిలే భయం. దక్షిణాది యాత్రకు ట్రైప్ ఎక్కువగా కాగితం నెగటివ్‌లనే నమ్ముకున్నాడు. మైనం పట్టించిన కాగితాన్ని ముందే సిద్ధం చేసుకోవచ్చు, ఫొటో తీశాక తీరిగ్గా డెవలప్ చేయవచ్చు. అడుగుకు మించిన పొడవున్న నెగటివ్‌లతో అతను చేసిన పని ఈనాటికీ అబ్బురమే. తంజావూరు పెద్ద గుడి విమానం చుట్టూ ఉన్న శాసనాన్ని 21 ప్రింట్లుగా తీసి ఒకే పట్టీగా అతికించాడు. 1859లో వచ్చిన గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఖర్చు ఎక్కువని ఆ ఫొటో విభాగాన్నే మూసేయించాడు.

తరువాతి తరానికి గెలటిన్ పూసిన డ్రై ప్లేట్లు వచ్చాయి. రిచర్డ్ లీచ్ మాడక్స్ 1871లో ప్రకటించిన ఈ పద్ధతి కొన్నేళ్లలోనే బజారుకెక్కింది. హైదరాబాదుకు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైన లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టేనాటికి డ్రై ప్లేట్లు దొరుకుతున్నాయి. 1894లో నిజాం ఆయనకు ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొని భద్రపరిచింది. నూరేళ్లు దాటినా అవి మనకు దక్కాయంటే గాజు మీది గెలటిన్ పొర తేమకు పాడుకాకుండా ఎవరో జాగ్రత్త పడుతూ వచ్చారనే అర్థం. ట్రైప్ అయినా, దీన్‌దయాళ్ అయినా తాము తిరిగే చోట ఏది పనిచేస్తుందో చూసి సామాను ఎంచుకున్నారు.

ముందు స్టాండు

డెల్టా నేల మీద స్టాండు కాళ్లు దిగబడతాయి. కంటికి కనబడేలా దిగబడితే ఫరవాలేదు, సర్దుకోవచ్చు. ప్రమాదమంతా మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున దిగబడటంలోనే ఉంది. ఒక సెకను ఎక్స్‌పోజరులో ఆ మాత్రం కదలిక చాలు, పెద్ద ఫిల్ము ఇచ్చే నిశితత్వం పోతుంది.

లెక్క వేస్తే దీని ఉపాయం తేలిగ్గానే దొరుకుతుంది. కెమెరా, స్టాండు కలిసి 6 కిలోలు అనుకుందాం. ఒక్కో కాలి మీద 2 కిలోల భారం. రబ్బరు పాదం వైశాల్యం సుమారు 3 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 670 గ్రాముల ఒత్తిడి. అదే కాలి కింద 12 సెంటీమీటర్ల చదరపు చెక్క పలక పెడితే వైశాల్యం 144 చదరపు సెంటీమీటర్లవుతుంది. ఒత్తిడి 14 గ్రాములకు పడిపోతుంది, అంటే దాదాపు 50వ వంతు. వడ్రంగి దగ్గర మూడు పలకలు కోయించి, మధ్యలో పాదం కూర్చునేంత గుంట తీయిస్తే సరిపోతుంది. సముద్రతీరపు ఇసుకలో ఇది చాలదు. అల వెనక్కి పోయేటప్పుడు కాలి చుట్టూ ఇసుకను లాక్కుపోతుంది. అక్కడ కాళ్లను లోతుగా గుచ్చి, పైనుంచి బలంగా అదిమి, అల తగలని చోటు చూసుకోవాలి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కాళ్ల కీళ్లు కడగకపోతే ఉప్పు తినేస్తుంది.

స్టాండు కొనేటప్పుడు రెండు గుణాలు చూడాలి. మొదటిది, మూడు కాళ్లూ విడివిడిగా ఎంత కోణంలోనైనా విచ్చుకోవాలి. పొలం గట్టు వెడల్పు తక్కువ కాబట్టి ఒక కాలు గట్టు మీద, రెండు కాళ్లు కింద మళ్లో పెట్టాల్సి వస్తుంది. మధ్యలో పుల్లలతో కట్టేసిన వీడియో స్టాండు ఇక్కడ నిలవదు. రెండోది ఎత్తు. కొండ, గుట్ట లేని ప్రాంతంలో ఎత్తయిన చోట్లు రెండే: కాలువ గట్లు, కృష్ణ కరకట్ట. అవి లేనిచోట మీటరున్నర ఎత్తున ఉన్న కెమెరాను రెండు మీటర్లకు లేపినా పొలం మళ్లు ఒకదాని వెనుక ఒకటి విడివిడిగా తెరుచుకుంటాయి. గరుకు గాజు చూడటానికి చిన్న మడత స్టూలు ఒకటి వెంట ఉంటే చాలు. మధ్య కడ్డీ పైకి లేపి ఎత్తు తెచ్చుకోవడం మాత్రం పనికిరాదు, గాలికి ఊగుతుంది.

చెక్క కాళ్ల స్టాండును పాతకాలపుదని తీసిపారేయనక్కర్లేదు. యాష్ చెక్క ప్రకంపనలను త్వరగా పీల్చేసుకుంటుంది. అందుకే బెర్లెబాక్, రీస్ వంటి సంస్థలు చెక్క స్టాండులకే పేరుపడ్డాయి. కార్బన్ ఫైబర్ తేలిక, తుప్పు పట్టదు. ఏది తీసుకున్నా మూడు నాలుగు కిలోల బరువుండటం డెల్టాలో మేలే. మరీ తేలికైతే కింద సంచి వేలాడదీయాలి. ఆ సంచి గాలికి ఊగకుండా నేలకు తగిలేలా కట్టాలి.

గాలి లెక్క

ఎండ ఎక్కేకొద్దీ నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం తరువాత బందరు వైపు నుంచి వీచే గాలి ఇదే. సూర్యోదయానికి ముందు నుంచి ఉదయం ఎనిమిదింటి దాకా సాధారణంగా గాలి నెమ్మదిగా ఉంటుంది. వరి ఆకు కదలకుండా నిలిచే సమయం అదొక్కటే.

చాచిన బెలోస్ గాలికి తెరచాపలా నిలుస్తుంది. లెన్సు ఫోకల్ దూరం పెరిగేకొద్దీ బెలోస్ పొడవూ పెరుగుతుంది. అందుకే తీరంలో 300 మిల్లీమీటర్ల లెన్సు కన్నా 150తో పని సుఖం. దృశ్యాన్ని దగ్గరగా చూపాలనుకుంటే లెన్సు మార్చడానికి ముందు నాలుగడుగులు ముందుకు నడవడం మేలు. గాలి వైపు పెద్ద గొడుగు పట్టుకుని నిలబడే తోడు మనిషి ఉంటే, ఖరీదైన సామాను కన్నా ఆ సాయమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక్కడే ఫిల్ము వేగం ప్రశ్న వస్తుంది. సూర్యుడు రావడానికి కాస్త ముందుండే వెలుగులో ఐఎస్‌ఓ 100 ఫిల్ముకు ఎఫ్/22 దగ్గర సుమారు ఒక సెకను కావాలి. పసుపు ఫిల్టరు పెడితే రెండు సెకన్లు. అదే ఐఎస్‌ఓ 400 ఫిల్ముకు అర సెకను చాలు. కొండరాయిని తీసేవాళ్లకు ఈ తేడా పట్టదు. వరిచేను తీసేవాళ్లకు ఈ తేడాతోనే ఫొటో నిలుస్తుంది, లేదా పోతుంది. పెద్ద షీటు మీద ఐఎస్‌ఓ 400 ఫిల్ము రేణువు కంటికి ఆనదు కాబట్టి డెల్టాకు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ వంటి వేగమైన ఫిల్ము సరైన ఎంపిక.

వరిచేను, గోపురం, శిల్పం

లెన్సు ఎంపికకు ఈ ప్రాంతమే మూడు పరీక్షలు పెడుతుంది.

మొదటిది వరిచేను. కాళ్ల దగ్గరి దుబ్బు నుంచి దిగంతం దాకా అంతా స్పష్టంగా రావాలి. మామూలు కెమెరాలా వాడితే 150 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్/22 దగ్గర, ఎంత సర్దినా సుమారు 5 మీటర్ల నుంచి మాత్రమే స్పష్టత మొదలవుతుంది. ముందున్న దుబ్బులు మసకబారతాయి. లెన్సు చట్రాన్ని కొద్దిగా ముందుకు వంచితే ఈ చిక్కు విడిపోతుంది. ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్ అయిన థియోడర్ షైంప్‌ఫ్లూగ్ 1904లో పేటెంటు తీసుకున్న సూత్రం ఇది. అంతకుముందే ఫ్రాన్సులో జూల్ కార్పాంతియే దీన్ని గమనించాడు. ఫిల్ము తలం, లెన్సు తలం, స్పష్టంగా కనబడే దృశ్యతలం మూడూ ఒకే గీత దగ్గర కలుస్తాయి. లెన్సును వంచితే ఫోకస్ తలం నిలువుగా ఉండటం మాని నేల మీదికి వాలుతుంది.

ఎంత వంచాలి? దీనికి చిన్న సూత్రం ఉంది. లెన్సు ఫోకల్ దూరాన్ని నేల నుంచి కెమెరా ఎత్తుతో భాగిస్తే వచ్చేది వంపు కోణం సైన్ విలువ. 150 మిల్లీమీటర్ల లెన్సు, మీటరున్నర ఎత్తు అయితే 0.15ను 1.5తో భాగించగా 0.1. అంటే కోణం 6 డిగ్రీల లోపే. 90 లెన్సుకు మూడున్నర డిగ్రీలు, 210కి 8 డిగ్రీలు. ఇంత చిన్న వంపుతో మడి మొత్తం మీదికి ఫోకస్ వచ్చేస్తుంది. బల్లపరుపు నేల ఉన్న డెల్టాలో ఈ సూత్రం అచ్చం లెక్కలో ఉన్నట్టే పనిచేస్తుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఫోకస్ తలం నేల మీద వాలాక, స్పష్టత ఆ తలానికి పైనా కిందా దూరం పెరిగేకొద్దీ విచ్చుకుంటుంది. పై ఉదాహరణలో ఎఫ్/22 దగ్గర 10 మీటర్ల దూరాన నేల నుంచి మీటరున్నర ఎత్తు వరకే స్పష్టత. 50 మీటర్ల దగ్గర ఏడున్నర మీటర్లు, 100 మీటర్ల దగ్గర 15 మీటర్లు. దూరాన వరుసగా ఉన్న తాటిచెట్లు చక్కగా వస్తాయి. పక్కనే ఉన్న కొబ్బరిచెట్టు మట్టలు మాత్రం చెదిరిపోతాయి. కాబట్టి దగ్గరి చెట్టును చట్రంలోకి రానీయకుండా నిలబడే చోటు ఎంచుకోవాలి, లేదా వంపు తగ్గించి లెన్సు రంధ్రాన్ని మరింత చిన్నది చేయాలి.

రెండో పరీక్ష గుడి గోపురం. కెమెరా పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలినట్టు కనబడుతుంది. వ్యూ కెమెరాను మట్టంగా ఉంచి, లెన్సు చట్రాన్ని మాత్రం పైకి జరిపితే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. 20 మీటర్ల గోపురాన్ని 30 మీటర్ల దూరం నుంచి, మీటరున్నర ఎత్తున పెట్టిన కెమెరాతో 150 లెన్సు వాడి తీస్తున్నామనుకుందాం. ఫిల్మును నిలువుగా పెట్టినా శిఖరం చట్రంలోకి రావాలంటే లెన్సును సుమారు 33 మిల్లీమీటర్లు పైకి లేపాలి. అప్పుడు లెన్సు వేసే వెలుగు వలయం కనీసం 208 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటేనే మూలలు నల్లబడవు. 4×5 ఫిల్మును కదలికలు లేకుండా కప్పడానికి 153 చాలు. పాత టెస్సర్ రకం లెన్సులు చాలావరకు ఆ పని వరకే చేస్తాయి. ఆధునిక 150 ఎఫ్/5.6 లెన్సులు సాధారణంగా 210 దాకా ఇస్తాయి. అంటే సరిగ్గా సరిహద్దులో నిలుస్తాయి. కొనేముందు లెన్సు పదును గురించి ఆరా తీసేవారు చాలామంది, వలయం వ్యాసం అడిగేవారు తక్కువ. గుడులు తీయాలనుకునేవారు ముందు అడగాల్సింది అదే. ఇళ్ల మధ్య ఇరుకున ఉన్న గుడులకు వెనక్కి జరిగే చోటు ఉండదు కాబట్టి రెండో లెన్సుగా 90 తప్పనిసరి.

మూడో పరీక్ష ఘంటసాల శిల్పాలు. అలెగ్జాండర్ రే 1894లో ప్రచురించిన దక్షిణ భారత బౌద్ధ పురావస్తు గ్రంథంలో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలకు చోటిచ్చాడు. ఘంటసాలలో ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శిల్పంలోని చిన్న భాగాన్ని ఫిల్ము మీద అసలు పరిమాణంలో సగానికి తేవాలంటే 150 లెన్సుకు బెలోస్ 225 మిల్లీమీటర్లు చాచాలి, ఎక్స్‌పోజరు రెండుంపావు రెట్లు చేయాలి. అసలు పరిమాణమే కావాలంటే 300 మిల్లీమీటర్లు, నాలుగు రెట్లు. కాబట్టి బెలోస్ కనీసం 300 దాకా సాగే కెమెరా అయితేనే ఈ పనికి పూర్తిగా అక్కరకొస్తుంది. లోతు తక్కువ చెక్కడానికి వెలుగు పక్క నుంచి, రాతిని రాసుకుంటూ పోవాలి. ఎదురు వెలుగులో చెక్కడమంతా చదునైపోతుంది.

నీడలో ఇలాంటి పనికి ఎక్స్‌పోజరు సెకన్లలోకి వెళ్లినప్పుడు మరో లెక్క చేరుతుంది. వెలుగు బలహీనంగా ఉన్నప్పుడు ఫిల్ము మందగిస్తుంది. ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్‌కు లైట్ మీటరు 10 సెకన్లు చూపితే నిజంగా ఇవ్వాల్సింది సుమారు 18. మీటరు 30 చూపితే 72 దాటాలి. ఈ పట్టికను చిన్న అట్ట మీద రాసి సంచిలో ఉంచుకోవాలి.

తేమతో పోరు

గాలి ఉష్ణోగ్రత 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున మంచుబిందు ఉష్ణోగ్రత దాదాపు 29 డిగ్రీలు. అంటే 29 కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పేరుకుంటుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉన్న లెన్సును బయటికి తెచ్చి సంచి విప్పగానే ముందు గాజు, వెనుక గాజు, గరుకు గాజు అన్నీ మసకబారతాయి. హోల్డరులోని ఫిల్ము మీద నీరు పేరుకుంటే మరక శాశ్వతంగా మిగులుతుంది. సామాను గాలి చొరని సంచుల్లోనే ఉంచి, బయటి వేడికి వచ్చేదాకా ఓ గంట ఆగి అప్పుడు విప్పాలి. లేదా అసలు ఏసీ గదిలో పెట్టకూడదు.

పొగమంచు ఉదయాల్లో నల్లగుడ్డ కింద ఊపిరికే గరుకు గాజు మీద ఆవిరి పడుతుంది. ముక్కు పక్కకు తిప్పి చూసే అలవాటు, మెత్తటి నూలు గుడ్డ రెండూ ఉండాలి. నల్లగుడ్డ లోపల నలుపు, బయట తెలుపు ఉన్నది తీసుకుంటే ఎండలో కెమెరా కాగదు, లోపలున్న మనిషీ బతుకుతాడు.

లెన్సుకు అసలు శత్రువు బూజు. తేమ చాలాకాలం 65, 70 శాతం దాటి ఉంటే గాజు మీద బూజు మొలిచి, అది వదిలే ఆమ్లాలు పైపూతను తినేస్తాయి. గాలి చొరని డబ్బా, రంగు మారే సిలికా జెల్, చిన్న తేమమాపకం ఉంటే 40 నుంచి 50 శాతం మధ్య నిలపవచ్చు. సిలికా జెల్ రంగు మారినప్పుడు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. మరీ ఎండబెడితే చెక్క, తోలు పగుళ్లిస్తాయి. బెలోస్ తోలుదైతే దానికీ బూజు పడుతుంది. కృత్రిమ గుడ్డ బెలోస్ ఇక్కడ మేలు. నెలకోసారి చీకటి గదిలో బెలోస్ లోపల టార్చి వెలిగించి, మడతల మూలల్లో చిల్లులున్నాయేమో చూసుకోవాలి.

ఫిల్ము హోల్డర్లు ఒక్కొక్కటి జిప్ సంచిలో ఉంచితే ఇసుక, ఉప్పుతుంపర దూరవు. ఫిల్ము ఎక్కించడానికి వెలుగు చొరని సంచిలో చేతులు పెడితే కోస్తా ఉక్కపోతలో నిమిషాల్లో చెమట పట్టి ఫిల్ము మీద వేలిముద్రలు పడతాయి. రాత్రివేళ కిటికీలు మూసిన గదిలో, ఫ్యాను ఆపి, నేల తడిగుడ్డతో తుడిచాక ఎక్కించుకోవడమే మంచిది. ఆరు హోల్డర్లంటే 12 షీట్లు. ఒక ఉదయానికి అవి ఎక్కువే.

డెవలపింగుకు పుస్తకాలు చెప్పే 20 డిగ్రీల నీరు వేసవిలో ఇక్కడి కుళాయిలో రాదు. వేడినీటిలో గెలటిన్ మెత్తబడి గీతలు పడుతుంది. ట్రేలను మంచుగడ్డలున్న పెద్ద పళ్లెంలో నిలిపి, అన్ని ద్రావణాలూ, కడిగే నీరు కూడా ఒకే ఉష్ణోగ్రతలో ఉంచాలి. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడ్డాక షీట్ ఫిల్ము దిగుమతి మీదే ఆధారపడాల్సి వస్తోంది. నేర్చుకునే దశలో కొందరు ఎక్స్‌రే ఫిల్ము కోసుకుని వాడతారు. ఆకుపచ్చ వెలుగును గ్రహించే రకం పొలాలకు బాగానే పనిచేస్తుంది, ఎర్ర దీపం కింద చూస్తూ డెవలప్ చేయవచ్చు. రెండు వైపులా రసాయన పూత ఉంటుంది కనుక తడిగా ఉన్నప్పుడు గీతలు పడకుండా ఒక్కో షీటునూ విడిగా కడగాలి.

చివరికి కెమెరా

ఇంతవరకు వచ్చాక కెమెరా ఎంపిక తేలిక. ఒకే పట్టా మీద నడిచే మోనోరైల్ కెమెరాలో అన్ని కదలికలూ పుష్కలం, కానీ మడవడం కష్టం, గాలికి పట్టు ఎక్కువ. మడిచే ఫీల్డు కెమెరా పెట్టెలా మూసుకుంటుంది, బెలోస్‌కు దెబ్బ తగలదు. డెల్టాకు ఇదే తగినది. లోహపు లిన్‌హాఫ్ టెక్నికా రెండున్నర కిలోలు దాటుతుంది, గట్టిది, ఖరీదైనది. ఇంగ్లండులో తయారయ్యే ఇంట్రెపిడ్ ప్లైవుడ్ కెమెరా కిలో మీద కొద్ది గ్రాములే, ధరా తక్కువ, అయితే గాలిలో నిలవాలంటే గట్టి స్టాండు కావాలి. చెక్క కెమెరాలకు వానాకాలంలో పట్టాలు ఉబ్బి బిగుసుకుంటాయి. టేకు సహజంగా నూనె ఉన్న చెక్క కాబట్టి ఈ బాధ తక్కువ.

టేకు కెమెరాలు మన దేశంలోనే తయారయ్యేవి. కేరళలోని అలెప్పీలో సంగీత వాయిద్యాలు బాగుచేసే కుటుంబానికి చెందిన కరుణాకరన్ 1940లలో వాగేశ్వరి పేరుతో ఫీల్డు కెమెరాలు మొదలుపెట్టాడు. వాయిద్యాల పని తెలిసిన చేతులే కెమెరా బెలోస్ కుట్టాయి. దేశంలో ఎన్నో స్టూడియోల్లో ఒకప్పుడు అవే నడిచాయి. మూతపడ్డ పాత స్టూడియోల అటకల మీద అలాంటిది దొరికితే, బెలోస్ మార్పించి, చట్రాలు సమాంతరంగా నిలుస్తున్నాయో లేదో చూసుకుంటే మళ్లీ పనిలోకి వస్తుంది. గోపురాలకు ముందు చట్రం 35 మిల్లీమీటర్లయినా పైకి లేవాలి, చేలకు 8 డిగ్రీలయినా ముందుకు వంగాలి, శిల్పాలకు బెలోస్ 300 సాగాలి. ఈ మూడూ ఉన్న ఏ కెమెరా అయినా మొవ్వ నుంచి దివిసీమ దాకా తీసే ఫొటోలకు సరిపోతుంది.

వెళ్లదలచినవారు వరికోతలు అయ్యాక, మినుము మొలిచి ఉన్న రోజుల్లో బయల్దేరితే నేల గట్టిపడి ఉంటుంది, ఉదయాలు నిలకడగా ఉంటాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల దగ్గర స్టాండు నిలపాలంటే ముందస్తు అనుమతి కావాలి. కృష్ణా అభయారణ్యంలోని మడ అడవులకు అటవీ శాఖను అడగాలి. పొలంలో కాలు పెట్టేముందు రైతునూ అడగాలి. చేతిలో ఉన్న డబ్బు తక్కువైతే కెమెరా దగ్గర తగ్గించుకోండి, స్టాండు దగ్గర మాత్రం తగ్గించుకోవద్దు.